చంటివాడి తేదీలు, ఊరి తేదీలు

బిడ్డా,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆగస్టు 15 పొద్దున టీవీలో ఎర్రకోట మీద జెండా ఎగురుతుంటే మీ బాబు చాప మీద మొదటిసారి బోర్లపడ్డాడు. నీకు కళ్లలో నీళ్లు తిరిగాయి, రాయాలనిపించింది, రాశావు. చాలా మంచి పని చేశావు.

కానీ ఒక వాక్యం కొట్టెయ్యమంటాను. ‘నా కొడుకు తల ఎత్తాడు, నా దేశమూ తల ఎత్తింది’ అన్నది. వినడానికి బాగుంటుంది, సభలో చదివితే చప్పట్లు కూడా పడతాయి. అయితే ఆ వాక్యం రాగానే మీ బాబు నాకు కనిపించకుండా పోయాడు. ఐదు నెలల పిల్లవాడు పక్కనున్న గిలక్కాయ అందుకోబోయి బోర్లపడతాడు. ఆ సంగతి నీకు తెలుసు, ఎందుకంటే దానికి ముందే ‘కింద చెయ్యి ఇరుక్కుపోయింది’ అని రాశావు. అక్కడ ఆగాల్సింది. నడుము తిప్పాడు, కాలు అటు వేశాడు, చెయ్యి పొట్ట కిందే ఉండిపోయింది. దాన్ని ఎలా లాక్కోవాలో తెలియదు. తల లేపి ఒక్క క్షణం అందరినీ చూశాడు, మెడ ఆగలేదు, ముక్కు చాపకు తగిలింది, చొంగ కారింది, గుక్కపట్టి ఏడ్చాడు. తిప్పి పడుకోబెడితే మళ్లీ అదే పని. ఇదంతా ఇంకా నీ కళ్ల ముందే ఉంది. ఆర్నెల్లు పోతే ఉండదు. అందుకే పిల్లల సంగతి ఆ రాత్రే రాసిపెట్టుకోవాలి. దేశం సంగతి తర్వాత నింపాదిగా రాయొచ్చు.

ఇంకొకటి. ‘పక్కింటి పాప నాలుగో నెలకే బోర్లపడిందట’ అని ఒక్క ముక్క రాసి దాటేశావు. నా మట్టుకు నాకు ఆ వ్యాసంలో ప్రాణం ఉన్నది ఆ ముక్కలోనే. అంతకు ముందు నెలంతా నువ్వు పడ్డ టెన్షన్, టీకాకు పోయినప్పుడు నర్సమ్మను ‘మావాడు ఇంకా తిరగట్లేదు’ అని అడగలేక అడగడం, ఒక్కో పిల్లది ఒక్కో తీరు, ఆరో నెల దాకా చూడొచ్చని ఆమె చెప్పినా రాత్రి నిద్ర పట్టకపోవడం ఎక్కడికి పోయాయి? అత్తగారు భక్ష్యాలు చేసి వాడకట్టంతా పంచింది అన్నావు. బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని మన ఇళ్లలో ఊరికే అనలేదు. దాని వెనుక ఆ భయం ఉంది. బిడ్డ ఒక గండం దాటిందన్న నిమ్మళం అది. భయం రాయకుండా భక్ష్యాలు మాత్రమే రాస్తే చదివేవాళ్లకు తీపి అందదు.

ఇప్పుడు ఊరి సంగతి. జెండాను నువ్వు టీవీలో చూశావు. నువ్వు పుట్టింది పరకాల. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో జెండా ఎగిరిన నాడు మన దగ్గర నిజాం రాజ్యమే. ఆ జెండా పట్టుకున్నందుకే ప్రాణాలు తీశారు. అంతకు ఏడాది ముందే, 1946 ఆగస్టు 11న, వరంగల్ కోటలో జెండా ఎగరేశారని నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం రజాకార్లు దాడి చేసి బత్తిని మొగిలయ్యను చంపారు. మీ పరకాలలో 1947 సెప్టెంబర్ 2న చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం జెండా ఎగరేయడానికి వస్తే కాల్పులు జరిపారు. 22 మంది పోయారు. వాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం ముందు నుంచి నువ్వు చిన్నప్పుడు ఎన్నిసార్లు పోయి ఉంటావో. నీ వ్యాసంలో ఎర్రకోట ఉంది, అమరధామం లేదు. బాబును ఎత్తుకొని ఒకసారి పోయి రా. అక్కడ నిలబడ్డప్పుడు ఏం తోచిందో అది రాయి, ఏమీ తోచకపోతే అదే రాయి. పోయినవాళ్ల తల్లులు ఎలా ఏడ్చారో మాత్రం నువ్వు కల్పించకు. తెలుసుకోవాలంటే ఆ ఊళ్లకు పోయి, ఆ ఇళ్లలో మిగిలిన పెద్దవాళ్ల దగ్గర కూర్చొని అడుగు.

మీ ఇంట్లోనూ అడుగు. నేను ఏ రోజు పుట్టానో మా అమ్మకు తెలియదు. బడిలో పంతులు వేసిన తేదీయే ఇప్పటికీ నా కాగితాల్లో ఉంది. ఆమె చెప్పేది ఇంతే: ‘రజాకార్లొస్తున్నరని కేక పడంగనే నిన్ను సంకనేసుకొని జొన్న చేన్లకు ఉరికిన. నువ్వు ఏడుస్తవేమోనని రొమ్ము నోట్లకెంచి తియ్యలె. అప్పుడే కింది పండ్లు రెండు మొలిచినయ్, కొరికినవ్. నేను మెదల్లె.’ తర్వాత కొన్ని దినాలకే యూనియన్ మిలిటరీ, అంటే భారత సైన్యం, వచ్చిందట. దాన్నే పోలీస్ యాక్షన్ అంటారు. మిలిటరీ వచ్చింది 1948 సెప్టెంబర్‌లో, 17న నిజాం లొంగిపోయాడు. ఆ పండ్ల లెక్కన నేను ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో పుట్టి ఉంటాను. మా అమ్మ ఏనాడూ బడికి పోలేదు. కానీ బిడ్డ పండ్లు, రాజ్యం పోవడం రెండూ ఆమెకు ఒకే జ్ఞాపకం. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చాలని ఆమెకు తోచలేదు. రెండూ ఆమె ఒంటికే జరిగాయి. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, అంత చిక్కటి మాట నా కలం నుంచి రాలేదని మనసారా చెబుతున్నాను. మీ నాయనమ్మ తరంలో ఇట్లా లెక్కపెట్టినవాళ్లు ఊరూరా ఉన్నారు. రజాకార్ల గడ్‌బడ్ల పుట్టినోడు, పోలీస్ యాక్షన్ నాటికి అంబాడుతున్నది అని. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే తొందర పెడుతున్నాను.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడటం కూడా అలవాటు చేసుకో. బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సైన్యం ఊరి మీద పడి 90 మందికి పైగా చంపింది 1948 ఆగస్టు 27న. అక్కడి నుంచి సెప్టెంబర్ 17కు సరిగ్గా 21 రోజులు. మన ఇళ్లలో పురిటి బిడ్డను తొట్టెలలో వేసేది 21వ నాడు. పుస్తకాల్లో ఇన్నేళ్లు ఆ రెండు తేదీలు చదివినా నాకు ఇది తట్టింది మనవరాలి తొట్టెల నాడే. ఆ ఊళ్లో ఆ వారం పురుడు పోసుకున్న తల్లి ఉంటే ఆమె తొట్టెల ఎక్కడ కట్టి ఉంటుంది? నాకు జవాబు దొరకలేదు. నువ్వు తల్లివి, నువ్వు అడిగితే ఆ ఊరి ఆడవాళ్లు చెప్పొచ్చు.

సెప్టెంబర్ 17ను విలీనం అనాలా, విమోచన అనాలా అని అడిగావు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యత అంది, 2024లో ప్రజాపాలన అంది. నువ్వు రాసేది ఇంటి కథ కాబట్టి మీ నాయనమ్మ ఏమంటుందో అదే పెట్టు.

వ్యాసం చివర ‘నా కొడుకు పెద్దయ్యాక దేశసేవ చేయాలి’ అన్నావు. తల్లిగా కోరుకో, తప్పులేదు. వ్యాసంలో వద్దు. వాడికి ఇంకా తిరిగి వెల్లకిలా పడటమే రాదు.

సెప్టెంబర్ 2కు అమ్మగారింటికి పోతానన్నావు కదా, నోట్‌బుక్ వెంట తీసుకుపో. మీ నాయనమ్మ మాట యాసతో సహా రాసుకో, సరిదిద్దకు. రాసింది పోస్టులోనే పంపు, ఫోన్‌లో చదవాలంటే నా కళ్లు ఒప్పుకోవడం లేదు. బాబుకు పళ్లు వస్తే ఏ రోజు వచ్చాయో కూడా అందులో రాయి.

ఆశీస్సులతో,
హనుమకొండ నుంచి
మీ పెద్దాయన