మిర్చితో ఆడుకుంటున్న బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు నీ పిల్లి మిర్చికి బంతి విసిరితే తెచ్చిచ్చే ఆట నేర్పుతున్నావట. కరీంనగర్‌లో ఒక్కదానివే ఉంటున్నావు, ఆఫీసు నుంచి రాగానే ఫోన్ పట్టుకొని మంచం మీద వాలిపోకుండా ఒక జీవాన్ని దగ్గర కూర్చోబెట్టుకొని ఆడిస్తున్నావంటే నాకు సంబురమే. మీ అమ్మకు మాత్రం ఒకటే నవ్వు. "పిల్లి ఎక్కడన్నా కుక్క పని చేస్తదా అక్కా?" అంటుంది. చేస్తది. నేను కళ్లారా చూశాను.

నవ్వుతూ నవ్వుతూనే ఇంకో మాట అనేసింది. మిర్చికి ఇష్టమని నువ్వు జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండే విసురుతున్నావట! ఆ మాట విన్నాక నాకు రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. కూర్చొని చదువు.

ముందు ఆట సంగతి చెప్తా, లేకపోతే తిట్టడానికే రాసిందనుకుంటావు.

పిల్లికి ఈ ఆట నేర్పడమంటే సగం పని దాన్ని గమనించడమే. ఏదో ఒక వస్తువును అది ఇప్పటికే నోట కరుచుకొని తిరుగుతూ ఉంటుంది. అదేంటో చూసి అలాంటిదే విసరాలి. మనం ఐదువందలు పెట్టి కొన్న బొమ్మను అది వాసన కూడా చూడదు. మొన్న మీ అన్న ఫోన్లో చదివి వినిపించాడు. 2023లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలా ఆడే పిల్లులను పెంచుకునే 924 మందిని అడిగి తెలుసుకున్నారట. వాళ్లు చెప్పిన 1,154 పిల్లుల్లో 94 శాతానికి పైగా ఎవరూ నేర్పకుండానే మొదలుపెట్టాయట. చాలావాటికి అప్పటికి ఏడాది కూడా నిండలేదట. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కూడా ఎక్కువగా పిల్లి ఇష్టమేనట. దానికి అంత దూరం పోవడం ఎందుకు, మన వరంగల్ కొత్తవాడలో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది కదా అన్నాను. నిజంగా అడిగితే చీపురు తీసుకొని తరమమనే చెప్తారనుకో, అది వేరే ముచ్చట.

పొద్దుగూకే వేళ ఆడించు, పిల్లికి వేట బుద్ధి పుట్టేది అప్పుడూ తెల్లవారుజామునే. తిండికి ముందు ఆడించి, ఆట కాగానే గిన్నె పెట్టు. హాల్లో సామాను లేని వైపు చూసుకొని నేల మీద దొర్లేటట్టు, దానికి దూరంగా పోయేటట్టు విసురు. ముక్కు ముందర ఆడిస్తే లాభం లేదు. జానెడు దూరంలోపు ఉన్నది దాని కంటికి సరిగా ఆనదు, దూరంగా కదిలేదైతే ఇట్టే పట్టేస్తుంది. ఐదు నిమిషాలు చాలు. అది ఇంకా కావాలంటున్నప్పుడే ఆపు, రేపు అదే వచ్చి అడుగుతుంది.

అసలు ఓపిక కావాల్సింది తెచ్చేటప్పుడు. ఉరికి పోయి పట్టుకోవడం ఏ పిల్లయినా చేస్తుంది. నోట కరుచుకొని సగం దూరం వచ్చి, అక్కడ పడేసి, నీ వంక చూసి, పక్కకు తిరిగి కాలు నాక్కుంటుంది. ఏమీ తెలియనట్టు! అప్పుడు నువ్వు లేచావో, ఆట చెడినట్టే. నువ్వు లేచి తెచ్చుకుంటే, తెచ్చే పని నీదని అది నేర్చుకుంటుంది. వెంటపడితే ఇంకా అన్యాయం, తరిమితే సోఫా కిందికి దూరడమే ఆట అనుకుంటుంది. అందుకని నేల మీదే కూర్చో. అలాంటిదే ఇంకొకటి నీ చేతిలో ఉంచుకో. మొదటిది నీ దగ్గరికి వచ్చినప్పుడే రెండోది విసురు. మొదట్లో సగం దూరం వచ్చినా మెచ్చుకొని చిన్న చికెన్ ముక్క పెట్టు, రాను రాను ఇంకో అడుగు దగ్గరికి వస్తేనే పెట్టు. నోట్లోంచి మాత్రం ఎన్నడూ గుంజుకోకు. ముక్క చూపిస్తే అదే వదిలేస్తుంది. "తే" అనో ఇంకేదో ఒకటే మాట పెట్టుకో, రోజుకో మాట మార్చకు.

చికెన్ అంటే వట్టి నీళ్లలో ఉడికించింది. మన కూర గిన్నెలోంచి తీసి పెట్టకు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, మసాలాలో నలిగినా సరే. పాలు కూడా వద్దు, పెద్దయ్యాక చాలా పిల్లులకు అరగవు.

ఇక రబ్బరు బ్యాండు సంగతి.

ఇది నువ్వు పుట్టకముందు ముచ్చట. మీ అమ్మకు కూడా సగమే తెలుసు. మీ పెద్దబాపు జంపఖానాలు నేసే రోజులవి. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో వేశారు కానీ, ఆ కాగితం వచ్చేనాటికి మా గల్లీలో మగ్గం చప్పుడు ఎంత మిగిలిందో నువ్వే చూశావు. అప్పుడు అట్లా కాదు, ఇంటింటికీ మగ్గమే. ఆయన నేస్తుంటే నేను రాట్నం ముందు కూర్చొని కండెలు, అంటే చిన్న గొట్టాలకు నూలు, చుట్టేదాన్ని. నూలు అయిపోయిన కండెను ఆయన, మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలోంచి తీసి పక్కకు పడేస్తే అది దొర్లుకుంటూ ఏ మూలకో పోయేది. ఏరుకోవడం నా వంతు, నడుములు పోయేవి.

ఒక చారల పిల్లి ఎలుకల కోసం వచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. దానికి పేరంటూ లేదు. ఒకరోజు ఆయన కండె పడేయగానే ఉరికి పట్టుకొని నా రాట్నం దగ్గర తెచ్చి పెట్టింది. ఎవరు నేర్పారని? ఎవరూ నేర్పలేదు. కండె కింద పడేసి, ముందరి కాళ్లు రెండూ దగ్గర పెట్టుకొని కూర్చొని మళ్లీ మగ్గం వైపు చూసింది. ఇంకోటి ఎప్పుడు పడుతుందా అని! ఆయన సంబురం చూడాలి నువ్వు. సద్దిలోంచి ఎండుచేప ముక్క తీసి పెట్టాడు. ఇక రోజూ అదే పని. అందరూ కండెల పిల్లి అనేవాళ్లు. నూలు పట్టుకొచ్చే సేటు కూడా కాసేపు నిలబడి చూసి పోయేవాడు.

అంతటితో ఉంటే బాగుండేది. చూసేవాళ్లు పెరిగేకొద్దీ మీ పెద్దబాపుకు హుషారు పెరిగింది. కండెకు మూరెడు నూలు వదిలి విసిరితే ఆ నూలు తోకలా పాకుతూ పోయేది, పిల్లి రెండింతలు ఉరికేది. గల్లీ పిల్లలంతా చప్పట్లు. కండె మాత్రం నా దగ్గరికి వచ్చేది. దాని నూలు ఎటు పోయిందని ఆయన ఒక్కసారి కూడా చూసుకోలేదు.

మిర్చి నీ చెయ్యి నాకినప్పుడు గరుకుగా తగులుతుంది కదా. ఆ నాలుక మీద ముళ్లున్నాయి, అవి గొంతు వైపుకే తిరిగి ఉంటాయి. నూలు దానికి తగులుకుంటే పిల్లి ఉమ్మలేదు. మింగాల్సిందే. ఇష్టపడి తినదు బిడ్డా, తప్పించుకోలేక మింగుతుంది.

మొదట కక్కింది. వెంట్రుకల ఉండేమో అనుకున్నాం. తర్వాత తిండి మానేసి నూలు బస్తాల వెనక నక్కింది. కండె పడేసినా కదల్లేదు. చెయ్యి పెట్టి బయటికి తీసి చూస్తే వెనక నుంచి కొంచెం నూలు వేలాడుతోంది. అంచులకు వాడే ఎర్ర నూలు. పక్కింటాయన వచ్చి, ఎట్లాగూ బయటికి వస్తోంది కదా, లాగేస్తే పీడ పోతుందన్నాడు. మీ పెద్దబాపు పిల్లిని పట్టుకున్నాడు, పక్కింటాయన లాగాడు. ఆ అరుపు నేను నీకు రాయలేను.

నూలు ఒక కొన లోపల ఎక్కడో, నాలుక కిందనో పొట్ట దగ్గరనో, చిక్కుకొని ఉంటుందట. రెండో కొన పేగులోకి సాగుతుంది. అప్పుడు లాగితే లంగా నాడా లాగినప్పుడు బట్ట కుచ్చిళ్లు పడ్డట్టు పేగంతా ముడతలు పడి, బిగిసిన నూలు దాన్ని కోసేస్తుంది. ఇదంతా తర్వాత ఎన్నో ఏళ్లకు ఒక డాక్టరు చెప్తే తెలిసింది. ఆనాడు గంపలో పెట్టుకొని పశువుల దవాఖానకు పోతే, ఎడ్లకూ బర్రెలకూ మందులు లేవు, పిల్లికి మందేంటని నవ్వి పంపారు. తెల్లారేసరికి లేదు.

ఆ తర్వాత మగ్గం అమ్మేసేదాకా మీ పెద్దబాపు రోజూ రాత్రి మగ్గం కింద నూలు ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసి మూత పెట్టేవాడు. ఎందుకని ఎవరన్నా అడిగితే చీమలు పడతాయనేవాడు. నూలుకు చీమలేంటి?

కాబట్టి నీ రబ్బరు బ్యాండ్లు ఇవాళే తీసెయ్. వాటి వాసన, సాగే గుణం పిల్లులకు పిచ్చి ఇష్టం, అందుకే భయం. అవీ మింగుతాయి, అవీ పేగుకు అడ్డం పడతాయి. రిబ్బన్లు, గిఫ్టు మీది మెరుపు దారం, సంక్రాంతికి పిల్లలు బాల్కనీలో వదిలేసే మాంజా, దారం ఎక్కించి సోఫాకు గుచ్చిపెట్టే సూది, ఏదీ బయట ఉండొద్దు. సూది అలవాటు నీకు మీ అమ్మ నుంచే వచ్చింది, ఎన్నిసార్లు చెప్పానో ఆమెకు. దారం కట్టిన కర్రతో ఆడించాలంటే నువ్వు ఎదురుగా ఉన్నంతసేపే, అయ్యాక అల్మారీలో పెట్టి తాళం వెయ్.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడన్నా మింగిందని అనుమానం వస్తే, కక్కుతూ తిండి మానేసి మూలకు చేరితే, నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం కనబడితే, లాగకు, కత్తిరించకు, నూనె పట్టించకు. నొప్పి తగ్గుతుందని మన పారాసిటమాల్ గోలీ అసలే వెయ్యకు, అది పిల్లికి విషం. నేరుగా డాక్టరు దగ్గరికే. ఆపరేషన్ చేసి తీస్తారు ఇప్పుడు. ఆ కాలం పోయింది, మన మామునూరులోనే పశువైద్య కళాశాల పెట్టారు. కరీంనగర్‌లో పిల్లులను చూసే డాక్టరు ఎవరో ఇప్పుడే కనుక్కొని నంబరు ఫ్రిజ్ మీద అంటించు. అర్ధరాత్రి వెతుక్కుంటూ కూర్చోకు.

మరి ఏం విసరాలంటావా? నోట్‌బుక్ కాగితం నిమ్మకాయంత ఉండ చుట్టు. ఆ గరగర చప్పుడుకే ఉరికి వస్తుంది. కాగితాన్ని నమిలి ముక్కలు చేస్తుంటే తీసేసి టేబుల్ టెన్నిస్ బంతి కొను. బంతి చీలితే పారెయ్, కక్కుర్తి పడకు. గుండ్రంగా ఉన్నదల్లా తేవడం అలవాటైతే బీరువాలోని డాంబర్ గోళీలు కూడా దొర్లించుకొస్తుంది. అవి విషం, తీసెయ్. అన్నట్టు, నీది మూడో అంతస్తు. బాల్కనీకి నెట్ కొట్టించేదాకా అటువైపు తలుపు వేసే ఆడించు. బంతి గ్రిల్ సందులోంచి పోతే మిర్చి ఆగి ఆలోచించదు.

ఇన్ని చెప్పానని భయపడి ఆట మానెయ్యకు. తిడుతున్నానని అలగకు. చిన్నప్పుడు సెలవులకు వచ్చి మా ఇంట్లో కోడిపిల్లలకు ఎక్కాలు చెప్పేదానివి, గుర్తుందా? రెండో ఎక్కం అయ్యాక కూడా అవి పలకడం లేదని ఏడిస్తే మీ పెద్దబాపు గోడ చాటున నక్కి కీచుగొంతుతో "రెండు మూళ్లు ఆరు" అన్నాడు. నువ్వు నమ్మేశావు కూడా. మిర్చి తరఫున ఎవరూ గోడ చాటు నుంచి పలకరు. ఒక్కోరోజు బంతి వంక చూసి ఆవలించి పడుకుంటుంది. పడుకోనియ్. నువ్వు కూడా అన్నం తిని పడుకో.

సద్దుల బతుకమ్మకు నువ్వు రావాల్సిందే. మిర్చిని మాత్రం బుట్టలో పెట్టుకొని తేకు. పండగంటే ఇల్లంతా పూలు కట్టే దారమే, ఇంకా ఈ ఇంటి ఏ సందులో ఏనాటి నూలు ఉందో నాకే తెలియదు. ఎదురింటి వాళ్లకు అప్పజెప్పి రా. కార్తీకంలో నేనే హన్మకొండలో బస్సెక్కి వస్తా, మీ అమ్మను కూడా వెంటబెట్టుకొస్తా. అంత నవ్వింది కదా, చూడాలి మరి. మేం వచ్చేసరికి నీ జడ బ్యాండ్లన్నీ మూత ఉన్న డబ్బాలో ఉండాలి. రాగానే బాత్‌రూం అరలో, మంచం కింద వెతుకుతాను. దొరికితే మీ అమ్మ ముందే తిడతా.

మీ పెద్దమ్మ