ఆ తోక అంకెదా, నామవాచకానిదా?

ప్రశ్న: మా అబ్బాయి భాషాశాస్త్రం చదువుతున్నాడు. మాయా భాషల్లో ‘మూడు కుక్కలు’ అనాలన్నా అంకెకు ఒక తోక తగిలించాల్సిందేనట. అది మన ‘ముగ్గురు’లో ‘గురు’ లాంటిదేనా మేడమ్? ఇంతకీ ఆ తోక అంకెదా, నామవాచకానిదా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: పొద్దున్న మద్దిలపాలెంలో షేర్ ఆటో అతను ‘ఇద్దరు, ఇద్దరు’ అని కేకేస్తుంటే మీ ఉత్తరమే గుర్తొచ్చిందమ్మా. మనుషులు అని అతను వేరే చెప్పక్కర్లేదు, ఆ మాటలోనే ఉంది. మెక్సికోలోని చియాపాస్‌లో మాట్లాడే చోల్ అనే మాయా భాషలో ఏది లెక్కపెట్టినా ఇదే పద్ధతి. ‘ఉష్’ అంటే మూడు. మనుషులైతే ఉష్‌-త్యికిల్, కుక్కలైతే ఉష్‌-కోహ్త్య్, గుడ్లైతే ఉష్‌-పెహ్. ఒట్టి ‘ఉష్’ పనికిరాదు.

యూకటెక్ అనే మరో మాయా భాషలో ఇంకా ముచ్చటైన సంగతి ఉంది. పూర్ణా మార్కెట్‌లో మనం అరటిపండు, అరటాకు, అరటిచెట్టు అని మూడు మాటలు వాడతాం కదా. వాళ్లకు మూడూ ‘హాస్’ అనే ఒక్క మాటే. ఉన్‌-త్సీత్ హాస్ అంటే ఒక పండు, ఉన్‌-వాల్ హాస్ అంటే ఒక ఆకు, ఉన్‌-కూల్ హాస్ అంటే ఒక చెట్టు. మారేది ‘ఒకటి’ వెనకున్న తోకే. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఇక తోక ఎవరిదన్న సంగతి. చైనీస్‌లో అంకె లేకపోయినా ‘ఈ పుస్తకం’ అనడానికి ఇలాంటి ముక్క ఒకటి వస్తుంది. అందుకే అది నామవాచకం పక్షమని చాలామంది వాదించారు. చోల్ అలా కాదు. అక్కడ కొన్ని అంకెలు స్పానిష్ నుంచి వచ్చాయి. సొంత అంకెకు తోక తప్పనిసరి, స్పానిష్ అంకెకు అసలు పెట్టరు. అవే గుడ్లు, అదే నామవాచకం, అంకె మారేసరికి తోక పోయింది! కాబట్టి ముందు అంకె, తోక ఒకటవుతాయి, ఆ జంట వచ్చి నామవాచకంతో కలుస్తుంది. 2014లో ఆలన్ బేల్, జెస్సికా కూన్ అనే భాషాశాస్త్రవేత్తలు ఈ సాక్ష్యం చూపించారు. నాకు వాళ్ల వాదనే సబబనిపిస్తుంది.

మన ‘గురు’, ‘మంది’ కూడా అంకెకే అతుక్కుంటాయి, పోలిక అంతవరకే. మూడు కుక్కలకు అక్కర్లేని తోక ముగ్గురు పిల్లలకు కావాలి. అంటే మన దగ్గర దాన్ని కోరేది నామవాచకం. చోల్‌లో ఏ తోక పెట్టాలో నామవాచకం చెబుతుంది, అసలు పెట్టాలో వద్దో అంకె చెబుతుంది.

మీవాణ్ణి చోల్‌లో మూడు గుడ్లు రాయమనండి, తర్వాత స్పానిష్ ‘నువేబె’తో తొమ్మిది గుడ్లు రాయమనండి. రెండోదానికి ‘పెహ్’ తగిలించాడేమో చూడండి.