పాత కందిపప్పు ఎందుకు మెదగదు?

ప్రశ్న: నిరుడు సంక్రాంతి అయినంక కందులు పట్టించి, పప్పు డబ్బాల్లో పోసి రేకుల గదిలో పెట్టినం. అప్పుడు నాలుగు విజిల్స్‌కే మెదిగేది. ఇప్పుడు ఎనిమిది వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటున్నది. మాంసకృత్తులు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: పోలేదు. కందిపప్పులో నూటికి 20–22 పాళ్లు మాంసకృత్తులే. వాటిలో ఎక్కువ భాగం లెగ్యుమిన్, విసిలిన్ అనే గ్లోబ్యులిన్లు. గింజ ముదిరేటప్పుడు బద్ద కణాల్లో ఇవి చిన్న చిన్న సంచుల్లో చేరి గట్టిపడతాయి. ప్రొటీన్ బాడీలంటారు వీటిని. కొన్ని మైక్రాన్లకు మించవు, పక్కనున్న పిండి రేణువులే వీటికన్నా పెద్దవి.

చిక్కు మాత్రం ఈ సంచుల్లోనే మొదలవుతుంది. గింజ తన భాస్వరాన్ని ఫైటేట్‌గా మార్చి, మెగ్నీషియం, పొటాషియం, కొంత కాల్షియంతో కలిపి అక్కడే దాచుకుంటుంది. ఎండాకాలంలో రేకుల వేడి, ఆపైన వానల చెమ్మ తగిలితే ఫైటేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. బయటపడ్డ కాల్షియం, మెగ్నీషియం పోయి కణాల నడుమ జిగురుగా ఉండే పెక్టిన్‌ను పట్టుకుంటాయి. పప్పు మెదగడమంటే ఆ పెక్టిన్ కరిగి కణాలు విడిపోవడమే. కాల్షియం పట్టాక అది ఓ పట్టాన కరగదు. కుక్కర్లో పోసేవి సున్నం ఎక్కువున్న బోరు నీళ్లయితే ఇక చెప్పనక్కర్లేదు.

లీటరు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి పప్పును రెండు గంటలు నానబెట్టండి. ఉప్పులోని సోడియం కొంత కాల్షియాన్ని తప్పిస్తుంది. రాత్రంతా వద్దు, గ్లోబ్యులిన్లు ఉప్పునీటిలో కరిగే రకం, పారబోసే నీళ్లతో కొంత పోతాయి. ఆ నీళ్లు పారబోసి, కడిగి, ఫిల్టర్ నీళ్లతో ఉడికించండి. అప్పటికీ మొండికేస్తే చిటికెడు వంటసోడా. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ పోతుంది. చింతపులుసు, టమాటా పప్పు మెదిగాకే పడాలి, పులుపులో పెక్టిన్ తొందరగా కరగదు.

ప్రశ్న: పెసలు మొలకెత్తితే ప్రొటీన్ పెరుగుతుందా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: పెరగదు. 100 గ్రాముల పెసల్లో ఉండేది సుమారు 24 గ్రాములు. మొలకలై బరువు రెట్టింపు దాటినా అంతే, పెరిగింది నీళ్ల బరువు. ఎంజైములు నిల్వ ప్రొటీన్‌ను ముక్కలు చేస్తాయి కాబట్టి అరుగుదల కాస్త సులువు. పప్పుల్లో తక్కువగా ఉండే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం కొరత మొలకల్లోనూ తీరదు. దానికి పక్కన జొన్నరొట్టో అన్నమో ఉండాల్సిందే.