ప్రోటమిన్ ఇచ్చేటప్పుడు పిల్లల బీపీ ఎందుకు పడిపోతుంది?

మీ పాపకు గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్ చివర్లో, రక్తాన్ని పల్చబరిచే మందు (హెపారిన్)కు విరుగుడైన ప్రోటమిన్ ఇస్తుండగా కాసేపు బీపీ పడిపోయిందని డాక్టర్లు చెప్పారనీ, అది ఎవరిదైనా పొరపాటా అనీ అడిగారు. పిల్లల గుండె ఆపరేషన్లలో మత్తు డాక్టరుగా నేను ఆ నిమిషాలను చాలాసార్లు దగ్గరగా చూశాను. బీపీ పడినంత మాత్రాన పొరపాటు జరిగినట్టు కాదు.

ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా కిలో బరువుకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇస్తాం. మెషిన్ నుంచి బయటికి వచ్చాక కూడా అది పనిచేస్తూనే ఉంటే కుట్ల దగ్గర రక్తం ఆగదు కనుక, సుమారు 100 యూనిట్లకు 1 మిల్లీగ్రాము చొప్పున ప్రోటమిన్ ఎక్కిస్తాం. ప్రోటమిన్‌ది ధనావేశం, హెపారిన్‌ది రుణావేశం. రెండూ అతుక్కోగానే హెపారిన్ పని ఆగిపోతుంది. అయితే ప్రోటమిన్ వేగంగా వెళ్తే ఒంట్లో హిస్టమిన్, నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాలు విడుదలై రక్తనాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. అందుకే పది పదిహేను నిమిషాలపాటు నెమ్మదిగా ఇస్తాం.

మేము నిజంగా భయపడేది మరొక రకానికి. అరుదుగా ఆ రెండు మందుల జంట రక్తనాళాలను బిగించే థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని విడుదల చేయించి ఊపిరితిత్తుల నాళాలను బిగించేస్తుంది. అప్పుడు కుడి గుండె ఉబ్బిపోతుంది, ఎడమ గుండెకు రక్తం అందదు. పెద్ద రంధ్రం వల్ల ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ముందే పెరిగి ఉన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మానిటర్ మీద రెండు సందర్భాల్లోనూ బీపీ అంకె ఒకేలా పడుతుంది, చికిత్స మాత్రం వేరు.

ఒకసారి ఐదు కిలోల పాపకు ప్రోటమిన్ మొదలుపెట్టిన మూడో నిమిషంలో పై బీపీ 70 నుంచి 44కు జారింది. సిరంజి పంపు ఆపేసి, తెర మీదుగా తొంగి చూశాను. కుడి గుండె ఉబ్బలేదు, మెత్తగా, ఖాళీగా ఉంది. అంత బరువున్న పాప ఒంట్లో ఉండే రక్తమంతా దాదాపు 400 మిల్లీలీటర్లే. అందులో 40 పోయినా పదో వంతు పోయినట్టే. పైగా ప్రోటమిన్ మొదలవగానే మెషిన్‌లోకి రక్తం లాగే సక్షన్లు ఆపేస్తాం, లేకపోతే మళ్లీ అవసరమైనప్పుడు మెషిన్ లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది. కాబట్టి కారణం ప్రోటమినా, రక్తస్రావమా, ఎక్కించిన రక్తంలో గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గడమా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. మహాధమనిలో గొట్టం ఇంకా ఉంది కనుక సర్జన్ దాని గుండా పది పది మిల్లీలీటర్లుగా రక్తం ఇచ్చారు, నేను కాల్షియం ఇచ్చాను. రెండు నిమిషాల్లో బీపీ కోలుకుంది, మిగిలిన మందును సగం వేగంతో పూర్తిచేశాం.

మీ పాప సర్జన్‌ను మూడు విషయాలు అడగండి: మందు ఆపగానే బీపీ సర్దుకుందా, ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగిందా, ఒంటిమీద దద్దుర్లు గానీ శ్వాసనాళాలు బిగుసుకోవడం గానీ కనిపించాయా. చివరి రెండింటిలో ఏది జరిగినా డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాయించుకోండి, ఎందుకంటే ఎప్పుడైనా మరో ఆపరేషన్ అవసరమైతే అక్కడి మత్తు డాక్టరుకు ఆ వాక్యమే అన్నిటికన్నా ముందు కావాలి.