హాలు లోపలి కథ, హాలు బయటి గొడవ

ప్రియమైన మిత్రులకు,

1990ల మొదట్లో అమెరికాలో నల్లజాతి యువ దర్శకులు తీసిన నగర చిత్రాల మీద మీరు పంపిన వ్యాసం చదివాను. చదివించే వచనం మీది. అయితే రెండో పేజీలో, ‘ఈ సినిమాలు యువకులను రెచ్చగొట్టాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు వెళ్లిపోయారు. ఆ తీర్పు ఆనాటి పత్రికలది, మీరు విచారించి చెప్పినది కాదు.

1991 మార్చి 8న, ఆ సినిమాల్లో ఒకటైన ‘న్యూ జాక్ సిటీ’ విడుదలైన రాత్రి లాస్ ఏంజిలస్‌లోని వెస్ట్‌వుడ్‌లో టికెట్లు అయిపోయి, వందలమందిని గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పంపేశారు. ఆ కోపం వీధిన పడింది, అద్దాలు పగిలాయి, దుకాణాలు లూటీ అయ్యాయి. సినిమా చూసి చెడిపోయారని పత్రికలు రాసిన ఈ కుర్రాళ్లలో చాలామందికి అసలు సినిమా చూసే అవకాశమే దొరకలేదు. పైగా, అంతకు ఐదు రోజుల ముందు అదే నగరంలో పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని లాఠీలతో చితకబాదిన వీడియో అప్పటికే టీవీల్లో తిరుగుతోంది. తెర మీది హింసే జనాన్ని రెచ్చగొడుతుందనుకుంటే, ఆ వారం వాళ్లు చూసిన తెర ఏదో కూడా అడగాలి కదా.

1989లో నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ ‘డూ ద రైట్ థింగ్’ వస్తే అల్లర్లు చెలరేగుతాయని కొందరు పేరున్న వ్యాసకర్తలే జోస్యం చెప్పారు, ఏమీ జరగలేదు. 1990 క్రిస్మస్ రాత్రి న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో, ఇటాలియన్ అమెరికన్ మాఫియా కథ ‘గాడ్‌ఫాదర్’ మూడో భాగం ఆడుతున్న హాల్లో కాల్పులు జరిగి ఒక కుర్రాడు చనిపోయాడు. ఆ చావుకు ఇటాలియన్ అమెరికన్ల సినిమాలన్నిటినీ బోనెక్కించిన వాళ్లు లేరు.

‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ 1991 జులై 12న విడుదలైనప్పుడు కాల్పులు జరిగిన మాట నిజం. షికాగో శివార్లలో ఒకరు చనిపోయారు, వేర్వేరు ఊళ్లలో సుమారు ముప్ఫైమంది గాయపడ్డారు, కొన్ని హాళ్లు సినిమాను ఎత్తేశాయి. వీటిని దాచమని నేను అనను. సినిమా ఎనిమిది వందలకు పైగా హాళ్లలో విడుదలైందన్న అంకెను మాత్రం అదే వాక్యంలో చేర్చండి. ట్రైలర్ తుపాకులనే ముందుకు తెచ్చిందన్న ఫిర్యాదును కూడా పట్టించుకోండి. (మరుసటి ఏడు ‘జ్యూస్’ పోస్టర్‌లో ర్యాప్ గాయకుడు, నటుడు టుపాక్ చేతిలోని తుపాకిని సినిమాను విడుదల చేసిన సంస్థే చెరిపేయించింది. అమ్మకానికి పనికొచ్చిన వస్తువే అపవాదు తెచ్చేసరికి దాన్ని దాచేశారు.)

ఇక సినిమాలోకి రండి. ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ కన్నా తొమ్మిది రోజుల ముందు వచ్చిన ‘టెర్మినేటర్ 2’లో కాల్పులకు లెక్కే లేదు గానీ, తూటాకు చచ్చిన వాడి ఇంట్లో ఏడుపు దాకా కెమెరా వెళ్లదు. ‘బాయ్జ్’ దర్శకుడు, అప్పటికి ఇరవైమూడేళ్ల వాడైన జాన్ సింగిల్టన్ మాత్రం మనల్ని ఆ ఇంట్లోకే తీసుకెళ్తాడు. సందులో కాల్చి చంపిన రికీ అనే కుర్రాడిని మోసుకొచ్చి సోఫా మీద పడుకోబెడతారు. తల్లి గుండెలు బాదుకుంటుంది, చంటిబిడ్డ ఏడుపు ఆగదు. ఆ తర్వాత ఆమె ఒక కవరు విప్పుతుంది. కాలేజీ స్కాలర్‌షిప్‌కు కొడుక్కి ప్రవేశ పరీక్షలో 700 మార్కులు కావాలి, 710 వచ్చాయి. ఈ దృశ్యం హింస వైపు ఊరించిందని అనాలంటే దీన్ని చూడకుండానే రాయాలి.

మర్నాడు పొద్దున రికీ అన్న డోబాయ్, టీవీ వార్తల్లో ఎక్కడెక్కడో పరదేశాల హింస చూపించారు గానీ తన తమ్ముడి గురించి ఒక్క మాటా రాలేదని అంటాడు. తన మీద రాబోయే వార్తలకు సినిమా ముందే ఇచ్చుకున్న జవాబు ఇది. మీ వ్యాసంలో దీని ప్రస్తావన లేదు. రెండో పేజీని ఇక్కడి నుంచి మళ్లీ రాసి, నెలాఖరులోగా పంపండి, అప్పటికి నేను ఊళ్లోనే ఉంటాను.