పీఎస్‌ఏ 3.1 వచ్చింది, నార్మలేనా?

ప్రశ్న: నా వయసు 63. హెల్త్ చెకప్‌లో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) 3.1 వచ్చింది. 4 లోపు నార్మల్ అని రిపోర్టులోనే ఉంది. రాత్రిళ్లు మూత్రానికి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంటే, పక్కింటాయన వాడే టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర ఏడాదిగా వేసుకుంటున్నాను. సుఖంగానే ఉంది. మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి? టమాటాలు తింటే ప్రోస్టేట్ క్యాన్సర్ రాదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టమాటాల సంగతి తర్వాత. ముందు ఆ మాత్ర గురించి మాట్లాడాలి.

డ్యూటాస్టెరైడ్ ప్రోస్టేట్ గ్రంథిని కుదిస్తుంది. ఆరు నెలలు వాడేసరికి పీఎస్‌ఏ కూడా సుమారు సగానికి పడిపోతుంది. అందుకే ఈ మందు వాడేవాళ్ల రిపోర్టును మేం రెట్టింపు చేసి చూస్తాం. ఆ లెక్కన మీ 3.1 ఆరు పైమాటే. మీరేం మింగుతున్నారో ల్యాబ్‌వాళ్లకు తెలియదు కదా!

ఆరు అనగానే క్యాన్సర్ అనుకుని టెన్షన్ పడొద్దు. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్‌ఏ పెరుగుతుంది. మిమ్మల్ని చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను. యూరాలజిస్టును కలవండి. మలద్వారం గుండా వేలితో ప్రోస్టేట్‌ను చూసే పరీక్షకు సిగ్గుపడకండి, నిమిషం పని. మూత్ర పరీక్ష, మళ్లీ పీఎస్‌ఏ, అవసరమనుకుంటే ఎంఆర్‌ఐ చేయిస్తారు. బయాప్సీ (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూడటం) మాట ఆ తర్వాతే. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ ఈ క్యాన్సర్ ఉంటే తప్పక చెప్పండి. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

మొన్న ఓపీలో ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి స్ట్రిప్పు ముక్క తీసి, 'ఇదే వాడుతున్నా సార్' అన్నారు. పేరున్న వైపు షాపులోనే కత్తిరించేశారు. ఏం మందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియలేదు. పక్కింటాయనకు పడిన మాత్ర మీ జబ్బుకు వైద్యం కాదండీ. ఏడాది పాటు ఇబ్బంది తగ్గిందనుకున్నారు, కారణం ఏమిటో ఎవరూ చూడలేదు. అలాగని రేపే సొంతంగా ఆపేయకండి, మూత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. స్ట్రిప్పు మొత్తం, మందు మొదలుపెట్టక ముందు చేయించిన పాత రిపోర్టులేమైనా ఉంటే అవీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో గర్భిణులుంటే ఆ మాత్రను ముట్టుకోనివ్వొద్దు, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళ్తుంది.

మళ్లీ ఎప్పుడంటారా, ఈ లెక్క తేలాక మీ డాక్టరే చెబుతారు. 70 దాటాక అందరికీ ఈ పరీక్ష అవసరం ఉండదు.

టమాటాలు తినండి, మంచివే. క్యాన్సర్‌ను ఆపుతాయని మాత్రం రుజువు కాలేదు.