అరువు అత్తగారిని ఇంటికి రానివ్వాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఉండేది బ్రిస్బేన్‌లో. మావారు ఆస్ట్రేలియన్, ఆర్మీలో చేసి బయటికొచ్చారు. మా పెళ్లికి ముందు, 2010లో అఫ్గానిస్థాన్‌లోని ఉరుజ్‌గాన్‌లో పనిచేశారు. అక్కడ బాంబు పేలి ఆయన స్నేహితుడు చనిపోయాడు. ఆ స్నేహితుడి తల్లికి ప్రతి ఆదివారం ఫోన్ చేసి గంటసేపు మాట్లాడతారు. నా దగ్గర మాత్రం ఆ ఊసే ఎత్తరు. ఆవిడకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదట, మన ఇంట్లో ఉంచుకుందాం అంటున్నారు. సొంత అత్తగారు పోయాక ఈ అరువు అత్తగారెందుకని మా అమ్మ అంటోంది. ఒప్పుకోవాలా?

జవాబు: ఒప్పుకోండి. ఖాళీగా ఉన్న గదిలోకి ఓ పెద్దావిడ వస్తే కొంప మునగదు. ఎన్నాళ్లుంటారు, మందుల ఖర్చెవరిది, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాలి అన్నవి మాత్రం ఆవిడ రాకముందే మీ ఆయనతో తేల్చుకోండి. మొహమాటానికి సరేనని తర్వాత వంటింట్లో గిన్నెలు విసిరేయొద్దు. మీరడిగిన దానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

కానీ ఇక్కడ కుదించి వేసిన మీ ఉత్తరం నిండా మీ ఆయన కన్నా మీ అమ్మగారే ఎక్కువగా ఉన్నారు. రోజూ వంట చేస్తూ స్పీకర్ ఆన్ చేసి అమ్మతో మాట్లాడతానని, ఆ టైంలో ఆయన లేచి గ్యారేజీలోకి వెళ్లిపోతారని మీరే రాశారు. ఎందుకు వెళ్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? ఆయనకు తెలుగు రాకపోవచ్చు. తన పేరు, అఫ్గానిస్థాన్ అన్న మాట, ఆ వెంటనే మీ గొంతు తగ్గడం అర్థం కావడానికి తెలుగు రావాలా? ఆయన నిద్రలో ఉలిక్కిపడి లేస్తారన్న సంగతి గుంటూరులో మీ పిన్ని దాకా వెళ్లింది. ఇక మీకేం చెబుతారు, ఏ నమ్మకంతో చెబుతారు?

ఆ పెద్దావిడకు చెబుతున్నారంటే కారణం ఉంది. ఉరుజ్‌గాన్‌లో వాళ్లుండే తరిన్‌కోట్ సైనిక స్థావరంలో ఎవరైనా చనిపోతే, ఇంటివాళ్లకు అధికారికంగా కబురు అందేదాకా మిగతా సైనికుల ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేసేవారు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న రోజునే ఇంటికి ఫోన్ చేసి ఏడ్చే వీలు కూడా లేదన్నమాట. ఆస్ట్రేలియాలో ఇళ్ల దగ్గరేమో ఫోన్లు ఆగిపోతే తల్లులకు, భార్యలకు గుండె దడ. ఆ కబురు తెచ్చేది యూనిఫాంలో వచ్చి తలుపు తట్టేవాళ్లు. అందుకే ఆ బాధ ఆవిడకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ యుద్ధంలో 40 మందికి పైగా ఆస్ట్రేలియన్ సైనికులు పోయారు. 2021లో కాబూల్ మళ్లీ తాలిబన్ల చేతికి వెళ్లాక ఆదివారం ఫోన్లు ఇంకా పెరిగాయని రాశారు. మరి పెరగవా? నా కొడుకు దేనికోసం పోయాడని ఆ తల్లి ఎవరిని అడగాలి?

తల్లుల ఈ బాధ కొత్తదేం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో 60 వేల మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు. కొడుకు ఎలా పోయాడో, ఎక్కడ పూడ్చారో తెలియని తల్లులు ఎందరో. 1915లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని కూతురు వీరా డీకిన్, తనకు పాతికేళ్లు కూడా నిండకముందే, కైరోలో రెడ్‌క్రాస్ తరఫున ఒక ఆఫీసు నడిపింది. ఆసుపత్రుల్లో ఉన్న తోటి సైనికులను అడిగి తెలుసుకుని, ఆ వివరాలు ఇంటివాళ్లకు రాసి పంపేవారు. ఆఖరి గడియల్లో పక్కనున్నవాడి మాట ఆ తల్లులకు అంత అవసరం. మీ ఆయన చేస్తున్నదీ అదే. ఇందులో మీకు పోటీ ఎక్కడుంది? పోయిన స్నేహితుడి తల్లిని ఇన్నేళ్లు వదలని మనిషి, రేపు మీ అమ్మానాన్నలకు కష్టమొస్తే పక్కకు తప్పుకుంటారా?

అలాగని మీరు అన్నీ భరించాలని కాదు. ఆయన చెయ్యెత్తినా, మాట తూలినా ఈ సలహా చెల్లదు, ముందు మీ క్షేమం చూసుకోండి. మీ అమ్మగారు చెప్పిన హనుమాన్ చాలీసా చదవండి, కాదనను. దాంతోపాటు ఓపెన్ ఆర్మ్స్‌కి వెళ్లండి. 1982లో వియత్నాం యుద్ధం చేసినవాళ్ల కోసం మొదలైన కౌన్సెలింగ్ అది, ఇప్పుడు సైనికుల భార్యాపిల్లలకు కూడా ఉచితమే. ఆయనను ఈడ్చుకెళ్లకండి, మీరొక్కరే ముందు వెళ్లండి. ఏప్రిల్ 25న, ఆస్ట్రేలియా తన సైనికులను తలచుకునే ఆంజాక్ డేకి, చీకటితోనే లేచి ఆయన ఒక్కరే వెళ్తారని రాశారు. ఈసారి నేనూ రావచ్చా అని అడగండి. వద్దంటే గుచ్చి గుచ్చి అడక్కండి.

అమ్మకు ఫోన్ మానమనడం లేదు. ఆవిడ బీపీ, ఆవకాయ, పక్కింటి గొడవలు గంటసేపు మాట్లాడుకోండి. మీ ఆయన నిద్ర, ఆయన స్నేహితుడు, ఆ పెద్దావిడ మాత్రం అందులోకి రాకూడదు. అడిగితే "అది మా ఇద్దరి సంగతమ్మా" అనండి. అలిగితే అలగనివ్వండి, పది రోజులకు ఆవిడే ఫోన్ చేస్తారు.